ఒప్పుకోలు

లెక్కల సారు చుక్క ముట్టడన్న సంగతి మెదక్‌లో అందరికీ తెలుసు. ఆయన లివర్ చెడిందన్న సంగతి బయటపడ్డాక, ఆ మొదటి సంగతిని ఎవ్వరూ నమ్మలేదు.

ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ బడుల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా అంటుకున్న రోజుల్లో, బడి పిల్లల చేత అట్టల మీద నినాదాలు రాయించి వాడవాడలా ఊరేగింపు తీయించాడు. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం అమల్లోకి వస్తే స్టాఫ్ రూములో అందరికీ జిలేబీలు పంచాడు. చుట్టాలతో కలిసి ఏడుపాయలకు పోయినప్పుడు, వాళ్లు చెట్ల కింద కల్లు సీసాలు ముందేసుకుని కూర్చుంటే, ఈయన మంజీరా ఒడ్డున ఒక్కడే కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న మజ్జిగ తాగి, దుర్గమ్మకు దండం పెట్టుకుని వచ్చేవాడు. ఆయనకున్న వ్యసనమల్లా తీపి. పంచగా మిగిలిన జిలేబీలు కూడా ఆయనే తిన్నాడు. నలభై దాటకముందే షుగరొచ్చింది. పొట్ట అంతకుముందే వచ్చింది.

మెదక్‌కు రైలొచ్చిన 2022లోనే సారు కాళ్లకు వాపొచ్చింది. లుంగీ ముడి రోజురోజుకీ కిందికి జారుతోంది. కొత్త రైల్లోనే కాచిగూడలో దిగి పెద్దాసుపత్రికి పోతే, స్కానింగ్, రక్త పరీక్షలు, ఎండోస్కోపీ అన్నీ అయ్యాక డాక్టరు సిర్రోసిస్ అన్నాడు.

"నేను తాగను డాక్టర్" అన్నాడు సారు, అడక్కముందే.

"మీరు తాగారని నేనన్నానా?" డాక్టరు నవ్వాడు. "తాగుడు పెద్ద కారణమే, కానీ అదొక్కటే కాదు. హెపటైటిస్ బి, సి వల్ల వస్తుంది. మీకొచ్చినట్టు షుగర్ వల్ల, పొట్ట వల్ల కూడా వస్తుంది. లివర్లో కొవ్వు చేరి, అది వాచి, మానిన చోటల్లా మచ్చ కట్టి, చివరికి మొత్తం గట్టిపడుతుంది. రక్తం అందులోంచి సాఫీగా పోలేక వెనక్కి తన్నుతుంది. అందుకే ఈ పొట్టలో నీరు, ఆహారనాళంలో ఉబ్బిన రక్తనాళాలు, పెరిగిన ప్లీహం. ఒకప్పుడు ఇలాంటి రోగులు తాగలేదంటే డాక్టర్లే నమ్మేవాళ్లు కాదు. 1980లో అమెరికాలో మాయో క్లినిక్ పాథాలజిస్టు లుడ్విగ్ 20 మంది రోగుల సంగతి రాసి, దీనికో పేరు పెట్టాకే మా వాళ్లకు నమ్మకం కుదిరింది."

డాక్టర్లకైతే కుదిరింది. మెదక్ వాళ్లు ఆ వ్యాసం చదవలేదు.

రాందాస్ చౌరస్తాలో ఎదురుపడ్డ పాత విద్యార్థి చేతులు పట్టుకుని, "టెన్షన్లుంటయ్ సార్, నాకు అర్థమైతది" అన్నాడు. కిరాణా కొట్టాయన ఇంకాస్త చనువుగా, "ఎన్నేండ్ల సంది సార్ అలవాటు?" అన్నాడు. సారు జేబులోంచి రిపోర్టు తీసి చూపించాడు. అందులో 'నాన్ ఆల్కహాలిక్' అని ఉంది. కొట్టాయన 'ఆల్కహాలిక్' దాకా కూడబలుక్కుని జాలిగా తలాడించాడు. ఆ తర్వాత సారు రిపోర్టు చూపించడం మానేశాడు.

జబ్బుతో బతకడం ఆయనకు పెద్ద కష్టమనిపించలేదు. అది లెక్క, లెక్కలు ఆయనకొచ్చు. రోజు మొత్తానికి ఉప్పు ఒక్క చెంచా, అంటే 5 గ్రాములు. తొక్కు, పాపడాలు బంద్. రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి తినాలి, లివర్ రాత్రికి సరిపడా శక్తిని దాచుకోలేదు గనుక. ఉబ్బిన నాళాలకు బ్యాండ్లు వేశారు. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు తగ్గకూడని చోట 58 వేలున్నాయి. మూడో వంతు కంటే కొంచెం ఎక్కువని వేసుకున్నాడు.

లెక్కకు అందనివి నొప్పులు. మెడ, భుజాలు పట్టేసేవి. రాత్రిళ్లు పిక్కలు మెలిపెట్టినట్టయి కేక పెట్టి లేచేవాడు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి గోళీల జోలికి పోవద్దన్నారు, కిడ్నీలు పోతాయి, రక్తం కారుతుంది. పారాసిటమాల్ కూడా రోజుకు 2 గ్రాములు దాటొద్దన్నారు. ఇక మిగిలింది మాలిష్ ఒక్కటే. చేయించుకోవచ్చా అని ఫోన్లో డాక్టర్నడిగి, ఆయన చెప్పినవన్నీ కాగితం మీద వరసగా రాసుకున్నాడు.

పొట్ట మీద చెయ్యి పడొద్దు. బోర్లా పడుకోవద్దు. మోచేత్తో నొక్కడం, వేళ్లు గుచ్చి పిసకడం, మెడ విరవడం వద్దు. వాచిన కాళ్లను ఒత్తొద్దు. ఉన్నట్టుండి ఒక్క కాలే వాచి నొప్పెడితే అసలు ముట్టుకోవద్దు, ముందు స్కాన్ చేయించాలి. ఈ చివరిది సారుకు అర్థం కాలేదు. రక్తం గడ్డకట్టని మనిషికి కాల్లో గడ్డ ఎలా వస్తుంది? "గడ్డకట్టించే పదార్థాలనూ లివరే చేస్తుంది, కట్టకుండా ఆపేవాటినీ అదే చేస్తుంది. మీకు రెండూ తగ్గాయి. కారనూ వచ్చు, గడ్డకట్టనూ వచ్చు" అన్నాడు డాక్టరు. జ్వరమొచ్చినా, విరేచనం నల్లగా అయినా, మాట తడబడినా ఆ రోజు మాలిష్ కాదు, ఆసుపత్రి. అది ఆఖరి వాక్యం. సారు దాని కింద రెండు గీతలు గీశాడు.

కాగితం సిద్ధమయ్యాక పహిల్వాన్‌కు కబురు పెట్టాడు.

ఖిల్లా కింది గల్లీలో ఉండే పహిల్వాన్ తెలియని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. బెణికినా, జారినా, విరిగినా ఆయన కట్టే దిక్కు. సారు బడి మెట్ల మీద పడి మణికట్టు జారినప్పుడు సరిచేసింది ఆయనే. భారీ మనిషి. కుస్తీ మానేశాక ఛాతీ బరువంతా పొట్టలోకి దిగింది. ఎర్రటి అరచేతులు, ముప్పై ఏళ్లుగా నూనెతో రుద్దిన చేతులు మరి. ఛాయ్‌లో చక్కెర మూడు చెంచాలు పడాల్సిందే. "షుగరున్నది గద" అని సారు భార్య అంటే, "గోలీ ఏసుకుంట గదమ్మా" అనేవాడు.

"ఏం పరేషాన్ సార్?" అన్నాడు వస్తూనే.

"భుజాలు పట్టేసినయ్. రాత్రి పూట పిక్కలు గుంజుతున్నయ్. కాకపోతే నాకు లివర్ జబ్బున్నది. గట్టిగ నొక్కొద్దన్నడు డాక్టర్. పొట్ట ముట్టొద్దన్నడు. ఇగో, అన్ని రాసిపెట్టిన."

పహిల్వాన్ కాగితం అందుకుని వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "రోజుకెంత తాగుతుంటిరి సార్?"

"చుక్క ముట్టలే."

"సరే సార్." కన్ను గీటాడు. "నేనెవ్వరికి చెప్ప."

కాగితం మడిచి నూనె సీసా కింద పెట్టాడు. మొదటి ముక్కే అబద్ధమైతే మిగతా కాగితం మాత్రం ఏపాటిదని ఆయన లెక్క. మెల్లగా మెల్లగా అననివాళ్లెవరు? గట్టిగా పిసికితే గాని నరం వదలదు. రెక్క ఎముక కింద బొటనవేలు గుచ్చి, నడుము దాకా మోచేత్తో దున్నాడు. సారు పళ్లు బిగబట్టాడు. నొప్పిలోనే ఏదో హాయి కూడా ఉండటంతో ఆపమనలేదు.

తెల్లారి బనీను తీస్తే వీపంతా నేరేడు పండ్లు పులిమినట్టుంది. సారు భార్య అది చూసి గోడ పట్టుకుంది. డాక్టరుకు ఫోన్ చేసి, రక్త పరీక్ష చేయించి, లోపలెక్కడా రక్తం కారడం లేదని తేలేదాకా ఆమె అన్నం ముట్టలేదు. "ఆ మనిషిని మళ్ల గడప తొక్కనీయను" అంది. కానీ మచ్చలు పసుపు తిరిగి మాయమయ్యేసరికి పిక్కలు మళ్లీ పట్టేశాయి. ఒకరిద్దరిని పిలిపిస్తే వాళ్లు నూనె రాసి, డబ్బులు తీసుకుని పోయారు. హస్తవాసి ఉన్నది పహిల్వాన్‌కే. సరిగ్గా చెప్తే ఎందుకు వినడు, చెప్పడమే కదా మన పని అనుకున్నాడు సారు.

ఈసారి పాఠం చెప్పినట్టు చెప్పాడు. ప్లేట్‌లెట్లంటే ఏమిటో, ఎన్నుండాలో, ఎన్నున్నాయో, నొక్కితే చర్మం కింద ఏం జరుగుతుందో. పహిల్వాన్ బుద్ధిగా విన్నాడు.

"అంత మంచిగనే ఉన్నది సార్. ఒక్కటే సమజ్ కాదు. తాగనోనికి లివర్ ఎందుకు పోతది?"

"షుగర్‌తోని పోతది, కొవ్వుతోని పోతది..."

"ఏ, ఊకోండి సార్. షుగర్ నాకు లేదా? డాక్టర్ తప్పు చెప్పిండు. మీది గ్యాస్. పొట్ట ఎట్ల బిగుసుకున్నదో చూడుండ్రి. కిందికెల్లి మీదికి నాలుగు పట్లు పడితే గాలి, నీళ్లు అన్ని దిగుతయ్."

అంటూనే అరచేతిలో నూనె వంపుకుని బొడ్డు కింద చెయ్యి మోపాడు. సారు ఆ మణికట్టును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒకప్పుడు కుస్తీ పట్టిన చెయ్యి, ఆగడం లేదు. పైకి జరుగుతోంది. ఎడమ పక్కటెముకల కింద పెరిగిన ప్లీహం, చుట్టూ నీరు, గట్టి పట్టు ఒక్కటి పడితే చాలు.

"తాగిన!" అని అరిచాడు సారు.

చెయ్యి ఆగింది.

"ఇరవై ఏండ్లు తాగిన పహిల్వాన్. దొంగతనంగ తాగిన. లివర్ మొత్తం పోయింది. పొట్ట మీద చెయ్యేస్తే రక్తం కక్కి చస్తనన్నడు డాక్టర్."

పహిల్వాన్ చెయ్యి తీసేశాడు. పైకండువాతో ఆ చేతిని తుడుచుకున్నాడు. "గిది ముందుగాల చెప్పొద్దా సార్! నా చేతుల మీద ఏమన్న అయితే?" మందలింపు అయ్యాక నూనె సీసా కింది నుంచి పాత కాగితం తీశాడు. అది అక్కడే ఉంది. "చదువుండ్రి. ఒక్కొక్కటి మెల్లగ చదువుండ్రి."

ఆ రోజు నుంచి అంత పద్ధతైన మాలిష్ పట్నంలో కూడా ఎవరూ చేసుండరు. గోళ్లు కత్తిరించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని కూర్చునేవాడు. వీపు వెనక మూడు దిండ్లు పేర్చి సారును సగం కూర్చోబెట్టేవాడు, పొట్టలో నీరు ఊపిరికి అడ్డం రాకుండా. వీపు రుద్దాలంటే పక్కకు తిప్పి, పొట్ట ముందు ఒక దిండు పెట్టేవాడు. వాసన మందులేవీ లేని ఉత్త కొబ్బరినూనె, సారు చర్మానికి దురద గనుక. అరచెయ్యి మొత్తం ఆనించి, పసిపిల్లకు రాసినట్టు రాయడమే, నొక్కడం లేదు. ఇరవై నిమిషాలైతే ఆపేసేవాడు. పాదాలు వాచి కనిపిస్తే కాళ్ల జోలికే పోయేవాడు కాదు. వాపు లేని రోజు కూడా పిక్క పిసక్కుండా, కాలి వేళ్లు పట్టుకుని పాదాన్ని మెల్లగా మోకాలి వైపు వంచేవాడు. చివర్లో, "బీపీ గోలీకి కండ్లు తిరుగుతయ్ సార్, దిగ్గున లేవకుండ్రి" అని చెయ్యందించేవాడు. ప్రతిసారీ ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "నల్లగ ఏమన్న పోయిందా సార్?"

సారు భుజాలు వదిలాయి. వారంలో సగం రాత్రులు నిద్ర పట్టసాగింది.

ఎవరికీ చెప్పనన్న పహిల్వాన్ మొదటి రోజే సాయంత్రానికి ఛాయ్ హోటల్లో చెప్పేశాడు. ఊరు ఊపిరి పీల్చుకుంది. ఇన్నాళ్లూ సారు తాగలేదంటుంటే మొహం తిప్పుకున్నవాళ్లు ఇప్పుడు ఎదురొచ్చి పలకరిస్తున్నారు. "ఒప్పుకున్నరు చూడుండ్రి, అదీ మొగతనం" అన్నాడు కిరాణా కొట్టాయన. తాగే కొడుకులను వెంటబెట్టుకుని తల్లులు గేటు దగ్గర నిలబడుతున్నారు, రెండు మాటలు చెప్పమని.

ఇంట్లో మాత్రం సారు భార్య గిన్నెలు దబదబా పెట్టింది. "నలభై ఏండ్ల కాపురం. మీ నోట్లెకెల్లి ఇలాచి వాసన తప్ప ఇంకో వాసన రాలే. ఇప్పుడు మా తమ్ముడు ఫోన్ చేసి, అక్కా, ఎంత ఓర్చుకున్నవే, ఒక్కనాడు చెప్పకపోతివి అని ఏడుస్తున్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? ఓర్చుకున్న అన్న."

వాడకట్టు యువకులు మద్యం వద్దంటూ సభ పెట్టి సారుకు శాలువా కప్పారు. మైకు చేతికిచ్చారు. సారు కొంతసేపు తటపటాయించి, తాగుడు మానండి, నన్ను చూడండి అన్నాడు. అందులో అబద్ధం లేదనుకున్నాడు. తాగనివాడిగా ముప్పై ఏళ్ల కింద ఆయన గొంతు చించుకున్నప్పుడు రాని చప్పట్లు, ఇప్పుడు గొంతు లేవకపోయినా వచ్చాయి. పహిల్వాన్ ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా కొట్టాడు.

2024 డిసెంబర్. పెద్ద చర్చికి నూరేళ్లు నిండే క్రిస్మస్ కావడంతో ఊళ్లో కాలు పెట్టే సందు లేదు. పహిల్వాన్ ఆలస్యంగా వచ్చాడు. సారు ఇంటి ముందున్న నాలుగు మెట్లెక్కి, స్టూలు మీద కూలబడి, ఆయాసం తీర్చుకుంటూ బూట్లు విప్పాడు.

"మంది బాగున్నరు సార్. నడిచి నడిచి కాళ్లు ఉబ్బినయ్."

సాక్సు తీసినా దాని గుర్తు పోలేదు. పిక్క చుట్టూ లోతుగా దిగబడి ఉంది. సారు కళ్లు అక్కడే ఆగాయి. వంగి, మోకాలి కింద ముందెముక మీద బొటనవేలు పెట్టి నొక్కి తీశాడు. గుంట పడింది. ఎంతకీ పూడలేదు. రెండేళ్ల కింద కాచిగూడ రైలెక్కక ముందు తన కాలిమీద పడ్డ గుంట ఇదే.

తలెత్తి చూశాడు. ఉక్కగా ఉందని పహిల్వాన్ గుండీలు తీసుకుంటున్నాడు, డిసెంబర్లో. మెడ కింద ఛాతీ మీద చిన్న ఎర్రటి చుక్క, దాన్నుంచి నాలుగు దిక్కులకూ సన్నని ఎర్ర గీతలు. ఒకటి కాదు, మూడు. అరచేతులు పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు. బొటనవేలి మొదలు, చిటికెన వేలి కింది అంచు ఎర్రగా కమిలి, నడిమధ్య మాత్రం తెల్లగా ఉన్నాయి. నూనె రాపిడైతే నడిమధ్యను వదలదు.

"షుగర్ ఎన్నేండ్ల సంది పహిల్వాన్?"

"పదిహేనేండ్లుంటది సార్. ఏం?"

"రేపు పొద్దుగాల జిల్లా ఆసుపత్రికి పోదాం. రక్తం ఇద్దువు, కడుపు స్కాన్ తీయిద్దాం. నేనొస్త నీతోని."

"దేనికి?"

"లివర్‌కు."

పహిల్వాన్ పొట్ట అదిరేలా నవ్వాడు. "నాకా? మా దాంట్ల హరామ్ సార్. జిందగీల చుక్క ముట్టలే, మెదక్‌ల ఎవ్వల్నన్న అడుగుండ్రి. గీ రోగం దేనికొస్తదో మీరే చెప్తిరి గద, మైకు పట్టుకొని."

సారు దిండ్లు పక్కకు నెట్టి నిటారుగా కూర్చున్నాడు. "నేను గూడ ముట్టలే పహిల్వాన్. నా పెండ్లాం మీద ఒట్టు. ఆ రోజు నువ్వు పొట్ట మీద చెయ్యేస్తివని భయంతోని అబద్ధం చెప్పిన. నాది షుగర్‌తోని వచ్చింది. నాకేమున్నయో నీకు అవే ఉన్నయ్."

పహిల్వాన్ జవాబివ్వలేదు. సారును జాగ్రత్తగా పక్కకు తిప్పి, పొట్ట ముందు దిండు సర్ది, ఎర్రటి అరచేతుల్లో నూనె వెచ్చబెట్టుకున్నాడు. కాగితంలో రాసినట్టే భుజం మీద మెత్తగా ఆనించాడు.

"ఒక్కపారి నిజం ఒప్పుకున్నంక మళ్ల అబద్ధమాడొద్దు సార్."